అడుగుమాట

మణిశిలాపురంలోని రాళ్ళకు నోరుంటే ఆ ఉదయం వజ్రకూట మహారాజుకు చెవులు చిల్లులు పడేవి.

ఎలాంటి నగరం అది! దాని గోపురాల మీది పసిడి కలశాల మెరుపు పన్నెండు ఆమడల దూరాన పోయే బాటసారులకు దారి చూపేదట. మున్నూరు స్తంభాల కొలువుకూటంలో ఒక స్తంభం మీద చెక్కిన హంస మరో స్తంభం మీద కనిపించదు. నాట్యకత్తెల గజ్జెల్లో మువ్వలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకోవచ్చు. చూరుకు వేలాడే గొలుసులు ఏకశిలలో తొలిచినవి, గాలి వీస్తే ఇప్పటికీ గలగలమంటాయి. గోడల నిండా ఏనుగుల వరుస, దాని కింద గుర్రాల వరుస, దాని కింద తీగల వరుస. ఆ తీగలకు పూసిన రాతిపూల మీద రాతి తుమ్మెదలు. రాజులు గతించి, జనం వలసపోయి, ఊరు పాడుబడి వందల ఏళ్ళయినా ఆ తుమ్మెదలు మాత్రం పూలను వదల్లేదు.

ఇప్పుడు ఆ నగరానికి పట్టిన గతి చూడండి. నాట్యకత్తె నడుముకు గుర్రాల పగ్గాలు కట్టారు. హంసల పలక మీద వంటవాళ్ళు అల్లం నూరుతున్నారు. ఏ పుణ్యాత్ముడో చెరువు తవ్వించి వేయించిన శాసనాన్ని వెల్లకిలా పడేసి, దాని మీద సైనికులు చెమట బట్టలు ఉతుకుతున్నారు. అన్నిటికంటే ఘోరం, మహారాజు వస్తున్నాడని శిల్పాలకు సున్నం కొట్టిస్తున్నారు! తుమ్మెదలు, పూలు, మువ్వలు అన్నీ ఒకే తెల్లటి పూత కింద కప్పబడిపోతున్నాయి. సిగ్గు లేనివాడికి సింహాసనం దగ్గర కొలువని వజ్రకూటంలో ఒక సామెత ఉంది. అది ఊరికే పుట్టలేదు.

ఇదంతా చూస్తూ పోతోజు పళ్ళు పటపట కొరికాడు. ఇరవై నాలుగేళ్ళ రాతిపనివాడు. చేతులు సమ్మెట పట్టి కాయలు కాశాయి, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ రోజు మాత్రం వేషం నీళ్ళ కావడివాడిది. మోకాళ్ళ పైకి గోచీ, తలకు మాసిన పాగా, భుజం మీద కావడి, రెండు వైపులా రెండు కుండలు. రాజుగారి కొలువు దగ్గర దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లే ఇరవై మందిలో ఒకడుగా కలిసిపోయాడు.

అతడు ఇంత సాహసానికి ఎందుకు దిగాడంటే, దాని వెనక పెద్ద మోసమే ఉంది.

మణిశిలాపురానికి ఆనుకుని ఏడువాగుల లోయ. ఆ లోయలో ఏడు ఊళ్ళు. లోయ ఆ ఊళ్ళ వాళ్ళదేనని చెప్పే నిలువెత్తు శాసనం నగరం నడిబొడ్డున నాలుగు వందల ఏళ్ళుగా నిలబడి ఉంది. అయితే లోయ అడుగున విషశిల అనే నీలిరాయి ఉందని మాంత్రికుడు గరళనాథుడు పసిగట్టాడు. ఆ రాయి చేతికొస్తే వాడికి చావు లేదు. దాన్ని తవ్వడానికి గనిలో దిగినవాడికి మాత్రం మూడు నెలలకు మించి బతుకు లేదు. అంచేత మాంత్రికుడికి లోయ ఒక్కటే చాలదు, గనిలోకి దింపడానికి మనుషులు కూడా కావాలి. వాడు నాగుపాముల విషం పూసి శాసనం మీది పాత అక్షరాలను కరిగించాడు. వాటి చోట మంత్రబలంతో కొత్త అక్షరాలు మొలిపించాడు. ఏడువాగుల లోయ, అందులోని మనుషులు, వాళ్ళకు పుట్టిన పిల్లలు, పుట్టబోయే పిల్లలు, అందరూ ఆ మాంత్రికుడి గరళపీఠానికి బానిసలని ఆ అక్షరాలు చెబుతున్నాయి. మహారాజు చండకేసరి దాన్ని చూసి ఔనా అన్నాడు. రాతి మీద ఉన్నది అబద్ధమవుతుందా అని ఆయన నమ్మకం!

వజ్రకూటంలో శాసనం చెల్లాలంటే రాజముద్ర ఒక్కటే సరిపోదు. అది ఎవరి మీద పడుతుందో ఆ జనం ముందు చదవాలి. చదివిన ప్రతి మాటనూ ఆ జనం తిరిగి పలకాలి. మూడుసార్లు పలికించారంటే ఇక దానికి తిరుగులేదు. అందుకే ఏడూళ్ళ నుంచి మూడు వందల మందిని పట్టుకొచ్చి, ఒకే పలుపుతాడుకు నడుములు కట్టి, కొలువు ముందు నిలబెట్టారు. ఆ తాడులో అయిదో మనిషి పోతోజు అక్క మాచక్క. తల్లి పోయిన ఏడాది నుంచి గంజి పోసి అతణ్ణి పెంచింది ఆమే. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి మూడో పలుకు పడిందా, సాయంత్రానికి ఆమె గనిలో ఉంటుంది.

ఈ మోసాన్ని బద్దలుకొట్టే దారి ఒకటుంది. అది రాజులకూ మాంత్రికులకూ తెలియదు, రాతిపనివాళ్ళకే తెలుసు. రాజు చెప్పిన బిరుదులూ గొప్పలూ శాసనం పైభాగం మీద చెక్కుతారు. రాయిని నిలబెట్టేముందు, భూమిలోకి పోయే అడుగుభాగం మీద, చెక్కినవాడు జరిగింది జరిగినట్టు తన మాటల్లో చెక్కుతాడు. దాన్ని అడుగుమాట అంటారు. పైన అబద్ధాలు చెక్కి మైలపడిన చేతులను కింద నిజం చెక్కి కడుక్కోవడమన్నమాట. పనివాళ్ళు తప్ప పరాయివాడు దాన్ని చూడకూడదని తాతముత్తాతల నాటి ఒట్టు.

మూడు రోజుల కిందట గరళనాథుడు ఆ శాసనాన్ని పీకించి, తన గొప్ప కోసం ఒక పెద్ద నల్లబండ మధ్యలో గాడి తొలిపించి, అందులో దింపించాడు. అడుగున మట్టి పెచ్చు కట్టి ఉండడంతో అక్కడి అక్షరాలు ఎవరి కంటా పడలేదు. పని చేసినవాళ్ళు నలభై మంది. వాళ్ళ పెద్ద కామోజు. పోతోజు ఆయన దగ్గరికి పోయి అడిగాడు.

"మామా, అడుగుమాట బయటపెట్టాల."

"నోరు మూయరా! తాతలు ఒట్టేసుకుని దాచింది నువ్వు బజార్న పెడతావా?"

"మా అక్కను గనిలో దింపుతుంటే ఇంకా దాచుకుని ఏం చేద్దాం మామా? ఊరగాయ పెట్టుకుందామా?"

కామోజు లాగి చెంపదెబ్బ కొట్టాడు. "ఒట్టు తప్పినోడి చేతిలో ఉలి నిలవదురా ఎదవా! పో నా ముందు నుంచి," అని ఉమ్మేశాడు. కానీ పడుచువాళ్ళు కొందరు పోతోజు వెంట నిలిచారు. బండ వెనకవైపు వరసగా పదకొండు గుంటలు తొలిచారు. వాటిలో బాగా ఎండిన తుమ్మచెక్క మేకులు బిగగొట్టారు. పైన పసుపు, కుంకుమ మెత్తి పూజ చేసినట్టు కప్పెట్టారు. ఎండిన చెక్క నీళ్ళు తాగితే ఉబ్బుతుంది. ఉబ్బిందంటే ఎంత బండైనా గీత గీసినట్టు చీలిపోవలసిందే. కొండల్లో రాళ్ళు తీసేది అలాగే. ఇక కావలసింది నీళ్ళు. కామోజు ఆ పనికి చెయ్యి వేయలేదు, చేస్తున్నవాళ్ళను ఆపనూ లేదు.

నీళ్ళ కావళ్ళ వరుస కొలువుకూటం ద్వారం దగ్గరికి చేరింది. అక్కడ రెండు యాళులు, సింహపు తల, ఏనుగు దంతాలు, గుర్రపు నడుము ఉన్న రాతిమృగాలు, చెరోవైపు కూర్చుని ఉన్నాయి. పూర్వం అవి ఉట్టి శిల్పాలు. గరళనాథుడు వాటికి ప్రాణం పోశాడు. రాతిపనివాళ్ళ మీద నమ్మకం లేక, పని అయిపోగానే వాళ్ళను దూరంగా తరిమేసి, రాతిదుమ్ము వాసన తగిలిన ఎవణ్ణయినా చీల్చెయ్యమని వీటికి చెప్పాడు.

పోతోజు ముందురోజు మూడుసార్లు కుంకుడుకాయతో తలంటుకున్నాడు. అయినా ఏం లాభం? ఇరవై ఏళ్ళ రాతిదుమ్ము గోళ్ళ సందుల్లో నుంచి ఒక్క రోజులో పోతుందా?

ఎడమవైపు యాళి ముక్కుపుటాలు కదిలాయి. దాని మెడ బరబరమని తిరిగింది. గుండ్రటి రాతికళ్ళు పోతోజు మీద నిలిచాయి.

"ఓరి నీ జిమ్మడ!" అంటూ పోతోజు కావడి కింద దింపి పరుగు లంకించుకున్నాడు. తక్కిన కావడివాళ్ళు కుండలు పారేసి తలో దిక్కుకు పారిపోయారు. యాళి ఒక్క గెంతు గెంతింది. అది పడిన చోట నేల దద్దరిల్లి, పక్కనున్న రాతి ఏనుగు తొండం ఊడి పడింది. పోతోజు స్తంభాల మధ్య మెలికలు తిరుగుతూ పరుగెత్తాడు. యాళికి మెలికలు తెలియవు. అడ్డమొచ్చిన స్తంభమల్లా పిండై రాలుతోంది. హంసల స్తంభం పోయింది, చిలుకల స్తంభం పోయింది. వెనక ఒక్కో స్తంభం కూలిన చప్పుడు వింటుంటే పోతోజుకు ప్రాణభయం కంటే కడుపుమంట ఎక్కువైంది. ఒక్కో స్తంభానికి ఒక్కో మనిషి బతుకంతా ధారపోసి ఉంటాడు!

మలుపు దగ్గర సున్నం కొట్టేవాడు నిచ్చెన మీద నిలబడి ఉన్నాడు. కింద పెద్ద బాన, బాన నిండా చిక్కటి తడిసున్నం.

పోతోజు బాన వెనక ఆగి తిరిగి నిలబడ్డాడు. శిల్పం కళ్ళు చెక్కేదాకా రాయే. కళ్ళు తెరిపించడం ఆఖరి పని, ప్రాణం అటునుంచే లోపలికి పోతుందని రాతిపనివాళ్ళ నమ్మకం. వచ్చిన దారి మూసేస్తే? యాళి నోరు తెరిచి మీదికి దూకింది. దాని ఊపిరి సమాధి తెరిచినట్టు చల్లగా తగిలింది. పోతోజు రెండు దోసిళ్ళ సున్నం ఎత్తి దాని కళ్ళలో ఫెడీమని కొట్టాడు.

గాలిలోనే అది బిగుసుకుపోయింది. దభీమని కిందపడి, ముందుకాళ్ళు పైకెత్తి, ఒట్టి బొమ్మై నిలిచింది. దంతం ఒకటి పోతోజు పక్కటెముకలకు గీరుకుని నెత్తురు కారింది.

నిచ్చెన మీదివాడు కొయ్యబారిపోయాడు. పోతోజు వాడి వైపు గుడ్లురిమి చూశాడు. "దీనికి కూడా సున్నం వేశానయ్యా. నీకు ఒక పని తగ్గింది. ఇంకో శిల్పం మీద కుంచె పెట్టావంటే మాత్రం ఆ బానలో నిన్నే ముంచుతా!"

వాడు నిచ్చెన దిగి వెనక్కు చూడకుండా పారిపోయాడు. పోతోజు పాగా విప్పి గాయానికి చుట్టుకుని, కావడి ఎత్తుకుని ద్వారం దగ్గరికి తిరిగొచ్చాడు. ఒంటికి అంటిన సున్నం ఘాటుకు రెండో యాళికి రాతిదుమ్ము వాసన తగల్లేదు. కావలివాడు కంగారుగా అడిగాడు.

"ఏరా, ఆ యాళి ఏమైంది?"

"ఎండకు తాళలేక నీళ్ళకు పోయిందయ్యా."

కావలివాడు తల ఊపాడు. రాజుగారి కొలువులో అడిగిన ప్రశ్నకు జవాబు దొరికితే చాలు, అది నిజమా అని ఎవరూ అడగరు.

పోతోజు నల్లబండ చుట్టూ నీళ్ళు చల్లడం మొదలుపెట్టాడు. ముందువైపు చిలకరింత, వెనకవైపు పదకొండు గుంటల మీద కుండలకు కుండలు. రెండు కావళ్ళు, మూడు, ఆరు, తొమ్మిది. పసుపు కరిగి బండ మీద చారలు కట్టింది. మేకులు నీళ్ళు పీలుస్తున్నాయి గానీ బండ మాత్రం కిమ్మనలేదు. తాడుకు కట్టి ఉన్న జనంలో మాచక్క తమ్ముణ్ణి గుర్తుపట్టింది. పెదవి కదపకుండా తల అడ్డంగా ఊపింది, పారిపొమ్మని. అతడు చూడనట్టు ఊరుకున్నాడు.

పన్నెండో కావడికి శంఖాలు మోగాయి. మహారాజు చండకేసరి విచ్చేశాడు. ఆయన ధరించిన కిరీటంలో తొమ్మిది రకాల మణులు, భుజకీర్తుల్లో ముత్యాల జాలర్లు, మొలలో బంగారు ఒర. అన్నిటికంటే ఘనమైనది ఆయన కూర్చునే పట్టపురాయి. వంశంలో మొదటి రాజు నుంచి అందరికీ పట్టాభిషేకం జరిగిన నున్నటి నల్లపలక అది. దాన్ని పదహారు మంది బోయీలు మోసుకొచ్చి వేదిక మీద దించారు. రాజు కూర్చున్నాడు. ఆయన కుడిపక్కన గరళనాథుడు. బూడిద పూసిన పొడుగాటి మనిషి, మెడలో బతికున్న పాము, చేతిలో ఎముక దండం. శాసనం మీద తన అక్షరాలను చూసుకుని మీసం దువ్వుకున్నాడు.

ఆస్థాన లేఖకుడు సోమనార్యుడు ముందుకొచ్చాడు. ముసలాయన, చూపు మందగించింది, గొంతు మాత్రం నగారా. అక్షరం కనిపిస్తే పైకి చదవకుండా ఉండలేని అలవాటు ఆయనది. మూటకు చుట్టిన చీటీలు కూడా చదివేసేవాడు.

"ఏడువాగుల లోయయు, తన్నివాసులును, వారి సంతతియు, గరళపీఠమునకు బానిసలు!"

జనం పలకలేదు. కొరడాలు లేచాయి. ఒక ముసలివాడి వీపు చిట్లింది. ఒక బాలింత చంకలో పిల్ల కెవ్వుమంది. అప్పుడు పలికారు. మొదటిసారి అయిపోయింది.

రెండోసారి చదివారు, మళ్ళీ కొరడాలు. మాచక్క పలక్కుండా నిలబడితే సైనికుడు జుట్టు పట్టి వంచి నోటి మీద కొట్టాడు. ఆమె నోటి నుంచి మాట రాలేదు, నెత్తురే వచ్చింది. పోతోజు కావడిబద్ద విరిగేలా పిడికిలి బిగించాడు. తక్కినవాళ్ళు పలికారు. రెండోసారీ అయిపోయింది.

"తొందరగా కానివ్వండి. ఎండగా ఉంది," అన్నాడు మహారాజు. ఎండ ఆయనకేనట!

పోతోజు ఆఖరి కుండ ఎత్తి గుంటల మీద కుమ్మరించాడు. "చీలవే తల్లీ, చీలు! రాజుకు భయపడ్డావా నువ్వు కూడా?" అని బండను గొణుగుతూ తిట్టాడు. సోమనార్యుడు మూడోసారి గొంతు సవరించుకున్నాడు.

"ఏడువాగుల లోయయు..."

ఫటేల్!

పిడుగు పడ్డట్టు చప్పుడైంది. గుర్రాలు సకిలించాయి. నల్లబండ నిలువునా రెండు చెక్కలై, చెరోవైపు ఒరిగింది. శాసనం మధ్యలో ఒంటరిగా ఊగి, వెనక్కు వాలి, దాని అడుగుభాగం గాలిలోకి లేచింది. నాలుగు వందల ఏళ్ళ మట్టి పెచ్చులుగా రాలింది. దాని కింద అక్షరాలు, లోతుగా, నిన్ననే చెక్కినంత పదునుగా ఉన్నాయి.

అక్షరం కనబడ్డాక సోమనార్యుడు ఆగుతాడా?

"ఈ లోయ ఏడూళ్ళ వాళ్ళది!" నగారా మోగింది. "తరుముకొస్తే పారిపోయి వచ్చినవాడికి వీళ్ళు కొండ మీద గుడిసెకు చోటిచ్చారు. వాడే తరవాత రాజయ్యాడు. రాజు వీళ్ళకు ఇచ్చిందేమీ లేదు, వీళ్ళే రాజుకు ఇచ్చారు. మంచిగా ఉన్నన్నాళ్ళు ఉండనిస్తారు. ఇది చూసి చెక్కినవాడు బొమ్మోజు!"

చదివేశాక గానీ ఆయనకు తాను చదివిందేమిటో తెలియలేదు. తెలిశాక అక్కడే చతికిలబడ్డాడు.

పోతోజు కూడా నోరు వెళ్ళబెట్టాడు. లోయ తమదని ఉంటుందనుకున్నాడు గానీ, రాజుగారి కోట ఉన్న కొండే తమదని అతడూ ఊహించలేదు.

మాచక్క నెత్తుటి నోటితో తల ఎత్తింది. "ఈ లోయ ఏడూళ్ళ వాళ్ళది!" అని కేక పెట్టింది. ఆమె వెనక ఆ ముసలివాడు, అతడి వెనక ఆ బాలింత. ఇప్పుడు కొరడా అక్కర్లేకుండానే మూడు వందల గొంతులు ఆ మాటలన్నీ వరసగా, అక్షరం పొల్లు పోకుండా పలికాయి. చదువు రానివాళ్ళకు ఒక్కసారి వింటే చాలు. ఒకసారి అయింది.

చండకేసరి ముఖం కందగడ్డ అయింది. అప్పటిదాకా ఆయన ఒట్టి తెలివితక్కువవాడు. ఆ క్షణం నుంచి దుర్మార్గుడయ్యాడు.

"మా వంశకర్త పారిపోయి వచ్చినవాడా? గుడిసెలో ఉన్నవాడా? ఆ రాయిని పగలగొట్టండి! రాతిపనివాళ్ళను పిలవండి!"

గరళనాథుడు దండంతో యాళిని ఆపి ఉంచితే, నలభై మందినీ తోసుకొచ్చారు. ముందు కామోజు. ఆయన అడుగుమాట దగ్గర వంగి, బొమ్మోజు పేరు మీద వేలితో తడిమాడు. తరవాత సమ్మెట ఆ రాతి పక్కన మెల్లగా పెట్టేసి నిలబడ్డాడు. ఒకరి తరవాత ఒకరు నలభై మందీ సమ్మెటలు, ఉలులు కింద పెట్టేశారు.

"చేతులు నరికిస్తాను!"

"నరికించండి దొరా," అన్నాడు కామోజు. "ఈ చేతులు చెక్కను నేర్చినయ్ గానీ చెరపను నేర్చలా."

ఈలోగా జనం రెండోసారి మొదలుపెట్టారు. గరళనాథుడు ఎముక దండం ఎత్తాడు. "మనుషులు చేయని పని మృగం చేస్తుంది మహారాజా!" రెండో యాళి ద్వారం నుంచి వచ్చి, శాసనం మీద రెండు కాళ్ళూ మోపింది. నాలుగు వందల ఏళ్ళు నిలబడ్డ రాయి కళ్ళముందే పిప్పై పోయింది. బొమ్మోజు పేరు ఏ ముక్కలో పోయిందో ఎవరికీ తెలియదు. పోతోజు గుండెలో సమ్మెట పడ్డట్టయింది.

జనం ఆగలేదు. దుమ్ములోనే నిలబడి మూడోసారి మొదలుపెట్టారు. "ఈ లోయ ఏడూళ్ళ వాళ్ళది..." చివరి మాట దాకా పలికేశారు. మూడు పలుకులూ పడ్డాయి.

మహారాజు ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు. "ఎన్నిసార్లు పలికితే ఏమిటి? రాయి ఏదిరా? రాయి లేని మాట శాసనం ఎలా అవుతుంది? గాలిలో చెక్కుకుంటారా?"

"రాయి కావాలా దొరా?" అన్నాడు పోతోజు.

కింద పడి ఉన్న ఉలి ఒకటి, సుత్తి ఒకటి అందుకుని ఒక్క దూకులో వేదిక ఎక్కాడు. రాజు లేచాడు గనక పట్టపురాయి ఖాళీగా ఉంది. దాని మీద మోకాలు వేసి ఉలి ఆనించాడు. ఠంగుమని మొదటి దెబ్బ పడింది. నాలుగు వందల ఏళ్ళుగా రాజులు కూర్చున్న నున్నటి పలక మీద తెల్లటి పెచ్చు లేచింది.

"ఈ," అన్నాడు పోతోజు పైకి.

"కొట్టండి! బాణాలు వేయండి!" రాజు గొంతు బొంగురుపోయింది.

"ప్రభూ, గురి తప్పితే పట్టపురాయికే..." సేనాని తడబడ్డాడు.

"వేయండి!"

"లో," అన్నాడు పోతోజు. సుత్తి ఆగలేదు. గరళనాథుడు యాళిని వేదిక మీదికి ఉసిగొల్పాడు. అప్పుడు మాచక్క కదిలింది. ఒకే తాడుకు కట్టిన మనుషులు, ఒకరు నడిస్తే అందరూ నడవాల్సిందే. మూడు వందల మందీ ఆ తాడుతోనే యాళికీ వేదికకూ మధ్య అడ్డంగా వచ్చి నిలిచారు.

"తొక్కించరా గరళా!" అని అరిచింది మాచక్క. "మేమంతా చస్తే నీ గనిలో నువ్వే దిగుదువు గాని!"

మాంత్రికుడి దండం గాలిలోనే ఆగిపోయింది. వీళ్ళు చచ్చిపోతే వాడికి ఎందుకూ పనికిరారు. యాళి ఒక కాలు ఎత్తిపెట్టి అలాగే గుర్రుమంటోంది.

మూడో అక్షరం సగంలో ఉండగా మొదటి బాణం వచ్చి పోతోజు ఎడమ భుజంలో దిగింది. ఉలి పట్టుకున్న చెయ్యి అది. వేళ్ళు సడలి ఉలి జారిపోయింది. రెండో బాణం చెవి పక్కనుంచి పోయింది. పోతోజు కుడిచేత్తో సుత్తి వదలకుండా, పళ్ళతోనైనా ఉలి పట్టుకుందామని కిందికి వంగాడు.

ఎవరిదో కాయలు కాసిన ముసలి చెయ్యి ఆ ఉలిని అందుకుంది. కామోజు రాతి మీద కూర్చుని, బాణాలు వచ్చే వైపు వీపు పెట్టి, సగం చెక్కిన గీతలో ఉలి సరిగ్గా నిలబెట్టాడు.

"మామా, నీ ఒట్టు?"

"నీ ఎమ్మ, ఒట్టు సంగతి తరవాత చూద్దాం. ఉలి నేను పట్టుకుంటా. కొట్టరా!"

పోతోజు సుత్తి ఎత్తి కొట్టాడు.